మేకల దారి

మా వదిన మీద నాకున్న కోపం ఉప్పు గురించి. వదినంటే మా ఆయనకి అక్క. మా పెళ్లైన మొదటి ఆదివారం ఆవిడా, ఆవిడ మొగుడూ భోజనానికి వచ్చారు. ఆ రోజు కూరలో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైంది. అయింది, కాదనను. కానీ ఆ ఉప్పుని ఆవిడ ఇప్పటిదాకా కరగనివ్వలేదు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి తమ్ముడి వైపు చూస్తుంది. "ఏరా, ఇవాళ్టి ఉప్పు సంగతేంటి?" అంటుంది. ఆయన నవ్వుతాడు. ఆవిడ మొగుడు నవ్వుతాడు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే "అబ్బో, మీ ఆవిడకి ముక్కు మీదే ఉందిరా కోపం" అంటుంది. వాన పడినా, ఊళ్లో బస్సులు ఆగిపోయినా వాళ్లు నాగా పెట్టిన వారం లేదు.

వారంలో ఆరు రోజులు నేను లాండ్రీలో ఇస్త్రీ పెట్టె ముందు నిలబడతాను. ఏడో రోజు ఇంట్లో పొయ్యి ముందు. అందుకని వేడికి నేను భయపడను. ఎండకీ భయపడను. ఈ సంగతి ముందు కనిపెట్టింది కండక్టరక్క. ఆవిడ బస్సు కండక్టరుగా రిటైరైంది. యూనిఫాం, సంచి, టికెట్ల మిషను అన్నీ డిపోలో అప్పజెప్పింది గానీ విజిల్ మాత్రం అప్పజెప్పలేదు, మెళ్లో వేసుకునే తిరుగుతుంది. ఒకరోజు దుప్పట్లు తీసుకుపోవడానికి మా లాండ్రీకి వచ్చి, నన్ను కిందికీ మీదికీ చూసి, "మంచి కాళ్లే నీవి. ఆదివారం మాతో కొండెక్కుతావా?" అంది.

"ఆదివారం కుదరదక్కా. చుట్టాలొస్తారు."

"వస్తే? చుట్టాలకి చేతుల్లేవా?"

అంతే అంది, దుప్పట్లు చంకన పెట్టుకుని పోయింది. ఆ మాట మాత్రం పోలేదు. ఆ వారమంతా ఏ చొక్కా మడత విప్పినా అందులోంచి అదే మాట పడేది. చుట్టాలకి చేతుల్లేవా? ఉన్నాయి. మా వదినకి రెండు, ఆవిడ మొగుడికి రెండు, మా ఆయనకి రెండు. మొత్తం ఆరు. ఆరు చేతులకీ అన్నం నా రెండు చేతులే పెడుతున్నాయి. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లు నాకెందుకు తట్టలేదో!

మా ఆయనని అడిగాను. అడగడానికి మూడు రోజులు పట్టింది. ఆయన పేపరు దించలేదు. "కాళ్లు లాగుతున్నాయని రోజూ మూలుగుతావు, కొండలెక్కడానికి మాత్రం వస్తాయేం ఆ కాళ్లు? అక్కడేముందని?" అన్నాడు. ఏముందో నాకూ తెలియదు, అందుకే వెళ్తానన్నాను. చివరికి ఒప్పందం కుదిరింది. వంటంతా చేసి, మూతలు పెట్టి వెళ్లాలి. మధ్యాహ్నం నాలుగింటి టీ మాత్రం నా చేత్తోనే పడాలి. "ఒక్కసారి నాలుగు దాటిందో, అదే ఆఖరు. మళ్లీ అడక్కు" అన్నాడు. టీ పెట్టడం ఆ ఇంట్లో అందరికీ వచ్చు. సరేనన్నాను.

అలా నాలుగు ఆదివారాలు వెళ్లాను. అబ్బ, ఎలా చెప్పను! ఆరుగురం ఆడవాళ్లం. కండక్టరక్క, లెక్కలు చెప్పే టీచరమ్మ, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చే నర్సు, బేకరీలో పనిచేసే అక్కచెల్లెళ్లిద్దరు, నేను. బస్సెక్కి ఊరు దాటగానే ఎండుగడ్డి వాసన. రాళ్ల మీద చెయ్యి వేస్తే నా ఇస్త్రీ పెట్టె లాగే చురుక్కుమంటాయి, కానీ ఆ వేడి ఎవరి చొక్కా కోసమూ కాదు. బేకరీ పిల్లలిద్దరూ దారంతా యజమాని తుమ్మును అనుకరించి చూపిస్తారు. టీచరమ్మ ఆయాసపడుతూ కూడా పిట్టల పేర్లు చెబుతుంది, సగం తప్పని ఆవిడే ఒప్పుకుంటుంది. నర్సు నీడ దొరికితే చాలు, నిలబడే కునుకు తీస్తుంది. ఐదో తరగతిలో బడి మాన్పించాక నేను ఒక గుంపులో నవ్వింది అక్కడే.

ఒక్కటే చిక్కు. కండక్టరక్కకి ఒక రూలుంది. దారిలో ఆగిన ప్రతిచోటా మళ్లీ బయల్దేరేటప్పుడు విజిల్ వేసి "వెనక సీటు ముందుకి!" అంటుంది. చివర నడిచిన మనిషి ముందుకు రావాలి. ముందున్న మనిషే దారి ఎంచాలి. మళ్లీ ఆగేదాకా వెనకున్నవాళ్లు "ఇటు కాదు, అటు" అనకూడదు. నోరెత్తితే విజిల్. నేను నాలుగు వారాలు ఈ ముందు సీటు తప్పించుకున్నాను. చెప్పులో ముల్లు గుచ్చుకుందనేదాన్ని, టీచరమ్మ సంచి మోస్తాననేదాన్ని. నాకు ముందు నడవడం రాదు మరి. వీధిలో ఆయన ముందు, నాలుగడుగుల వెనక నేను. పంతొమ్మిదేళ్లుగా నా కళ్ల ముందున్న లోకమంటే ఆయన చొక్కా వీపు. అది ఇస్త్రీ చేసిందీ నేనే, నడిచినంతసేపూ చూసిందీ నేనే.

ఐదో ఆదివారం అక్క నా సంచి పట్టుకుంది. "ఇంక సాకుల్లేవు. నడు" అంది.

నడిచాను. అయ్యో, ముందు ఎవరూ లేరు! వీపు లేదు, చొక్కా లేదు. ఉన్నదంతా కొండే, దాని మీద ఆకాశం, నా మొహానికి తిన్నగా తగిలే గాలి. నాలుగడుగులకోసారి వెనక్కి చూశాను. "మేం పారిపోలేదు, నడవ్వే!" అంది బేకరీ పెద్దది. పెద్ద బండ దగ్గర దారి చీలింది. ఎడమకి పోయేది వెడల్పు, అందరూ తొక్కింది. కుడికి సన్నటి గీత, దాని మీద మేకల పెంటికలు. ఈ మేకలు ఇంత ఎండలో రోజూ ఎక్కడికి పోతాయో అనిపించింది. తెలుసుకోవాలనిపించింది. కుడికి తిరిగాను. వెనక టీచరమ్మ "అమ్మాయ్, అది..." అంది. విజిల్ మోగింది. ఆవిడ నోరు మూసుకుంది.

గంటన్నర నడిపించాను. పొదలు, పల్లం, మళ్లీ పొదలు. చివరికి దారి ఒక రాతిగోడకి కొట్టుకుని ఆగిపోయింది. లోపల నలభై మేకలు. నలభై మేకలూ నెమరు ఆపి నా వైపు చూశాయి. అటు దారి లేదు. మేకల దారి మేకల ఇంటికి కాక ఇంకెక్కడికి పోతుంది!

అందరినీ ఎండలో తిప్పి తెచ్చి దొడ్లో పడేశాను. "తప్పైపోయింది, నాకు దారి తెలియదు, నన్ను ముందు పెట్టకుండా ఉండాల్సింది" అని గొణుగుతూనే ఉన్నాను. తల వంచుకుని నిలబడ్డాను. తిట్లు పడేటప్పుడు ఎలా నిలబడాలో నా ఒంటికి బాగా తెలుసు. నిలబడ్డాను, నిలబడ్డాను, ఎంతకీ తిట్లు రావే! తలెత్తి చూస్తే నర్సు కడుపు పట్టుకుని కింద కూర్చుని నవ్వుతోంది. "టికెట్టు కొండకి కొన్నాం, దించింది కొట్టంలో!" అంది కండక్టరక్క. అంతే, ఆ గోడ నీడలోనే మూటలు విప్పారు. రొట్టె, ఉడకేసిన గుడ్లు, కమలాలు. తొక్కలు మేకలకి వేశాం. ఒక మేక తొక్కలు తిని, అవి చాలక టీచరమ్మ గడ్డి టోపీ తింది. ఆవిడ అంచు పట్టుకుని లాగుతూ "లెక్క సరి చెయ్యవే, టోపీకి టోపీ ఇవ్వవే!" అని అరుస్తోంది. నేను పంతొమ్మిదేళ్ల నాటి ఉప్పు పలుకు గురించి ఆలోచిస్తున్నాను. ఇంత పెద్ద తప్పుని వీళ్లు కమలాలు తిన్నంతసేపట్లో తినేశారు.

అప్పుడు అక్క గడియారం చూసుకుని నా పక్కకి జరిగింది. నవ్వు మానేసి చెప్పింది. "ఇప్పుడే దిగిపోతే రెండింటి బస్సు దొరుకుతుంది, నాలుగుకి నువ్వు ఇంట్లో ఉంటావు. కొండ కొస దాకా ఎక్కితే ఇంక ఐదింటి బస్సే. నీ ఒప్పందం నాకు తెలుసు. దారి తప్పించిన మనిషే దారిలో పెట్టాలి, కాబట్టి ముందు నువ్వే. ఎటు?"

మిగతావాళ్లు ఇటూ అటూ అనకూడదు, రూలు కదా. కిందకి దిగితే వచ్చే ఆదివారం నాది. ఎక్కితే ఇదే ఆఖరు. పైకి చూశాను. గోడ వెనక నుంచి కొండ కొస దాకా దారే లేదు, ఎండుగడ్డీ బండలూ, అంతే. పక్కింటికి పోవడానికైనా ఎవరో ఒకరి మొహం చూసేదాన్ని. అక్కడ మేకల మొహాలు తప్ప చూడ్డానికి ఏమీ లేవు.

"పైకి" అన్నాను.

చేతులతో ఎక్కాం, మోకాళ్లతో ఎక్కాం. బేకరీ చిన్నది జారితే నేను చెయ్యిచ్చి లాగాను. కొస మీద నిలబడితే నాలుగు వైపులా నేల, మధ్యలో వెలుగుతున్న వాగు, అగ్గిపెట్టెల్లా ఇళ్లు. అందులో మా ఇల్లు ఏదో వెతకాలని కూడా తోచలేదు. గట్టిగా అరిచాను. ఏమని అరిచానో తెలియదు. ఎదురు కొండ నా గొంతు నాకు తిరిగిచ్చింది. అక్క విజిల్ నా చేతికిచ్చింది. ఊపిరంతా పెట్టి ఊదాను.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. ముందు గదిలో వదిన మొగుడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. బల్ల మీద మూడు కప్పులున్నాయి, కడిగినవి, ఖాళీవి. రెండున్నర గంటలుగా ముగ్గురూ టీ కోసం నా దారి చూస్తూ కూర్చున్నారు. పాలు గిన్నెలోనే ఉన్నాయి, పొయ్యి పక్కనే.

"నాలుగు దాటితే ఆఖరన్నానా, లేదా?" అన్నాడు ఆయన.

నేను సంచి దించి, జుట్టులోంచి గడ్డిపరకలు తీస్తున్నాను. వదిన నవ్వింది, అదే ఉప్పు నవ్వు. "పోనీలేరా, కొత్త మోజు. ఏమ్మా మరదలా, ముందు టీ పడెయ్. పడేసి చెప్పు, ఇంకెన్ని వారాలు ఈ కొండలు?"

ఎగతాళికే అడిగింది. కానీ అడిగింది కదా, లెక్క చూశాను. బడి మాన్పించినా ఎక్కాలు మర్చిపోలేదు నేను. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. పంతొమ్మిదేళ్లకి తొమ్మిది వందల ఎనభై ఎనిమిది. అందులో ఐదు తిరిగి తెచ్చుకున్నాను. కుర్చీ లాక్కుని, నాలుగో కప్పు తెచ్చి ఆ మూడింటి పక్కన పెట్టి, ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను.

"తొమ్మిది వందల ఎనభై మూడు వారాలు, వదినా."