పోలరాజు రాకిన కన్నం

పోలరాజుకి నలభై ఏడేళ్లు. హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో, బర్మామైన్స్ బస్తీలో ఇల్లు, పక్కనే ఆదిత్యపూర్‌లో చిన్న కార్ఖానాలో పని. ఇరవై రెండేళ్లు కాంట్రాక్టు ఫిట్టరు. సాయంత్రం క్లాసులకి నాలుగేళ్లు తిరిగి డిప్లొమా తెచ్చుకున్నాడు. అక్కడే జూనియర్ ఇంజనీరు అయ్యాడు. ప్రొబేషను ఆరు నెలలు. ఐదు గడిచాయి.

కొత్త ఆర్డరు రెండొందల బ్రాకెట్లు. ఒక్కోదానికి రెండు కన్నాలు. డ్రాయింగు, పలక కస్టమరే పంపాడు; ఆ పలక కన్నాల్లో బోల్టులు దిగాలి. శాంపిల్ పెట్టి చూస్తే రెండో బోల్టు దిగలేదు. పోలరాజు ఆకురాయి తీసి కన్నాన్ని ఓ పక్కకి రాకాడు. దిగింది. శాంపిల్ పాసయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు. డ్రాయింగుల్లో తప్పుల్ని ఫిట్టర్లు ఎప్పుడూ ఇలాగే నోరు మూసుకుని దిద్దుతారు. కాగితం మీద పేరు ఇంజనీరుది, చేతుల్లో కాయలు మనవి.

శుక్రవారానికి రెండొందలూ తయారయ్యాయి. ఒక్కటీ పలక మీద కూర్చోలేదు.

మేనేజరు బిందుప్రియకి ముప్ఫై లేవు. డ్రిల్లింగు చేసిన శ్యామ్‌ని పిలిచింది.

"శాంపిల్ ఠీక్ థా. మిగతావన్నీ పాడుచేశావ్. కల్ సే మత్ ఆనా, రేపట్నుంచి రాకు."

శ్యామ్ కాంట్రాక్టు మనిషి. తీసెయ్యడానికి నోటిమాట చాలు. నేరుగా పోలరాజు దగ్గరికొచ్చాడు.

"ఇంజనీరుగోరూ, మీరే కొలిసి సెప్పండి. డ్రాయింగులో నూట ఇరవై. నేను నూట ఇరవైకే కొట్టాను. నా తప్పేటి?"

పోలరాజు కొలిచాడు. కన్నాల మధ్య దూరం బ్రాకెట్‌లో నూట ఇరవై మిల్లీమీటర్లు. పలకలో నూట ఇరవై ఒకటి.

"నీ తప్పు కాదురా. శాంపిల్‌కి ఆకురాయి పెట్టింది నేనే."

"సర్టిఫికేట్ వచ్చినా సేతులు మారనేదేటి అన్నా?" అన్నాడు శ్యామ్. నవ్వలేదు.

ఒప్పుకుంటే ఉద్యోగం పోవచ్చు. పోలరాజు కూర్చుని రాశాడు. డ్రాయింగు ఒక మిల్లీమీటరు తప్పు. శాంపిల్ నేను రాకాను, చెప్పలేదు. శ్యామ్ డ్రాయింగు ప్రకారమే చేశాడు. కింద సంతకం, జూనియర్ ఇంజనీరు అని.

బిందుప్రియ రెండుసార్లు చదివింది. "అంకుల్, యే మత్ దీజియే, ఈ కాగితం ఇవ్వకండి. డ్రిల్లింగ్ మిస్టేక్ అని కస్టమర్‌కి చెప్పేస్తా. మీకేం కాదు."

"అంకుల్ ఏటి మేడం, కింద ఇంజనీరని రాశాను కదా. ఆణ్ణి తీసేత్తే రేపు ఇంకోడొచ్చి, ఇదే డ్రాయింగు సూసి ఇంకో రెండొందలు పాడుసేత్తాడు. ఆణ్ణీ తీసేత్తారా?"

ఆమె కాగితాన్ని ఫొటో తీసి కస్టమరుకి పంపింది. తర్వాత అంది: "మీ ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెరుగుతుంది. వద్దంటే మళ్లీ ఫిట్టర్‌గా వెళ్లిపోండి. వచ్చే నెలే పర్మనెంట్ చేయిస్తా."

పర్మనెంట్. ఇరవై రెండేళ్లు యూనియన్ జెండా పట్టుకుని అడిగినా ఇవ్వనిది.

"ఫిట్టరు పని నాకొచ్చు మేడం. రానిది ఇదే. ఆరు నెల్లే రాయండి."

రాసింది. శనివారం శ్యామ్ డ్యూటీకొచ్చాడు.