కళ్లకద్దుకున్న పుస్తకం

నేను ఒక రామకోటి పుస్తకాన్ని. రాజమండ్రిలో ఒక అచ్చాఫీసులో పుట్టాను. అదే కాగితంతో నా పక్కనే బడిపిల్లల కాపీ పుస్తకాలు కూడా కుట్టారు. వాటిని మాస్టార్లు తిట్టుకుంటూ దిద్దుతారు. నన్ను మాత్రం అందరూ కళ్లకద్దుకుంటారు, ఒక్కరూ చదవరు. అన్ని గడుల్లోనూ ఉండేది ఒకే పేరు కదా, చదివేదేముంటుంది?

తణుకులో అంగన్‌వాడీ టీచరు మంగతాయారుకి నన్ను కొనిచ్చింది ఆమె మొగుడు సూరిబాబు. ఆరు నెలలుగా ఆమెకి నిద్ర లేదు. కూర కలుపుతూ కలుపుతూ ఊరికే ఏడ్చేది. "నీకేం తక్కువ?" అని అడిగినవాళ్లకి ఉల్లిపాయల ఘాటని చెప్పేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. సూరిబాబు మంచివాడే, కాకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని భయపడే మంచివాడు.

"రాముడుండగా మాత్రలెందుకే తాయారూ? ఇది రాసుకో. మనసు మన చేతిలోనే ఉంటది," అన్నాడు.

ఆమె నమ్మింది. మాత్రలూ మందుల చీటీ దేవుడి గూట్లో పటం వెనక్కి చేరాయి. పొద్దున్నే స్నానం చేసి, పీట మీద కూర్చుని రాసేది. అబద్ధమెందుకు, మొదట్లో రాసినంతసేపూ ఆమె ఊపిరి నెమ్మదించేది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. నాకూ గర్వంగా ఉండేది. రెండో నెలకి అక్షరాలు గడులు దాటి వాలిపోసాగాయి. ఒక మధ్యాహ్నం అరవయ్యో పేజీలో, రెండు శ్రీరామల మధ్య గడిలో ఆమె ఇలా రాసింది: "నా మీద నాకే భయంగా ఉంది." పక్క గడిలో మళ్లీ శ్రీరామ.

గోడలకైనా చెవులుంటాయంటారు. నాకు చెప్పడానికి నోరేదీ! సాయంత్రం సూరిబాబు వచ్చి నన్ను తెరిచాడు. అదే పేజీ. బొటనవేలు సరిగ్గా ఆ గడి పక్కనే. చచ్చేంత ఆశపడ్డాను. "ఎంత భక్తో!" అని కళ్లకద్దుకుని మూసేశాడు. ఆ తర్వాత ఆమె అదే మాట మరో పదకొండు చోట్ల రాసింది. అతను రోజూ అద్దుకుంటూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేది, కాగితానికి కన్నీళ్లేవి?

చివరి నాలుగు పేజీలుండగా అతను భద్రాచలం ప్రయాణం పెట్టాడు. "మిగిలింది బస్సులో రాసేద్దువుగాని. స్వామికి అప్పగించేసొద్దాం," అన్నాడు. అక్కడ వేల పుస్తకాల కింద పడితే ఇంక ఆ మాట ఎవరికీ కనబడదు. నన్ను సంచిలో పెడుతుంటే మంగతాయారు చెయ్యి అడ్డుపెట్టింది.

"అరవయ్యో పేజీ చదవండి."

"రామనామం చదివేదేముందే?"

"చదవండి."

చదివాడు. సంచి పక్కన పెట్టేశాడు. "నాకెందుకు చెప్పలేదే?"

"రోజూ మీ చేతిలోనే పెట్టాను కదండీ."

పటం వెనక నుంచి మందుల చీటీ తీసి, చెప్పులేసుకుంది. "దేవుడు చెయ్యాల్సింది దేవుడు చేస్తాడు. నేను చెయ్యాల్సింది నేనే చేసుకోవాలి. ఆసుపత్రికెళ్తున్నాను, వస్తే రండి."

ఇప్పుడు గూట్లో నా పక్కనే మాత్రల అట్ట ఉంటుంది. పొద్దున్నే మాత్ర వేసుకుని, నాలో ఒక్క వరస రాస్తుంది. అక్షరాలు కొన్నాళ్లు నిలబడతాయి, కొన్నాళ్లు వాలిపోతాయి. నేను చెయ్యగలిగింది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నిన్న ఒక గడి ఖాళీగా వదిలేసింది. సూరిబాబు కళ్లజోడు పెట్టుకుని వరసంతా చదివి, ఆ గడి మీద వేలు పెట్టి, "తాయారూ, ఇక్కడేమైంది?" అని అడిగాడు.

ఆ ఒక్క మాట అడగడానికే ఇన్నాళ్లూ నాకు నోరు లేకపోయింది.