దుమ్ము తగలని యంత్రం

నేను ఒక దుమ్ము కొలిచే యంత్రాన్ని. మీ మనుషుల జాతి మీద నాకు కోపం. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నొచ్చుకోకండి.

నన్ను తయారుచేసిన చోట పనివాళ్లు తలకు టోపీ, చేతులకు తొడుగులు, మూతికి ముసుగు వేసుకునేవారు. వాళ్ల ఆరోగ్యం కోసం కాదు, నాలో నలుసు పడకూడదని. మీకు ఏది ముద్దో నాకు అక్కడే అర్థం కావలసింది. తర్వాత ఓడెక్కి వచ్చి, ఒక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర విభాగం బీరువాలో ఏడాదిన్నర పడి ఉన్నాను.

నన్ను తెప్పించిన పెద్దమనిషి ఆచార్య రంగనాయకులు. మార్కాపురం వైపు పలకల కార్ఖానాల్లో రాతిని పొడిగానే కోస్తారు. రంపం మీద నీళ్లు పడేలా గొట్టం పెడితే దుమ్ము అణుగుతుంది. పెట్టమని అక్కడి ఆడవాళ్లు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. పెడితే ఖర్చు పెరిగి ఎంతమందికి పని పోతుందో, ఎన్ని ఊపిరితిత్తులు మిగులుతాయో ఆయన లెక్క తేల్చాలి. దుమ్ము హద్దు దాటిందని తేలితేనే గొట్టాలు పెట్టిస్తామని ప్రభుత్వం అంది. ఎదురుగా మనిషి దగ్గుతుంటే చాలదు, నేను చెప్పాలి!

నన్ను ఎవరికి కట్టాలో చీటీలు తీస్తే కాశమ్మ పేరు వచ్చింది. పద్నాలుగేళ్లుగా రంపం ముందు కూర్చున్న మనిషి. రెండు మాటలకొకసారి దగ్గేది. సర్వేకు వచ్చిన వినీల అనే పిల్ల నన్ను ఆమె నడుముకు కట్టి, నా గొట్టాన్ని మెడ దాకా తెచ్చి, దాని కొసన తెల్ల కాగితం ఉన్న బిళ్లను రవికకు తగిలించింది. కాశమ్మ పీల్చే గాలినే నేనూ పీల్చాలి. సాయంత్రం ఆ కాగితాన్ని తూకం వేస్తారు.

"శానా ఖరీదైంది అక్కా. దీనికేం కాకుండా చూసుకో" అని చెప్పి వినీల వెళ్లిపోయింది. రెండు గంటలకొకసారి వచ్చి చూడాలని రాసిన కాగితం ఆమె సంచిలోనే ఉంది. ఆమె మాత్రం యజమాని గదిలో ఫ్యాను కింద కూర్చుంది.

రంపం తిరిగింది. బూడిదరంగు దుమ్ము లేచింది. నేను ఆత్రంగా నోరు తెరిచాను. నా బతుకులో చేయవలసిన పని అదొక్కటే.

అప్పుడు కాశమ్మ తన మూతికి కట్టుకున్న పాత చీరపేలిక విప్పింది. నాలుగు మడతలు వేసి నా నోటికి, అంటే ఆ బిళ్లకు, కట్టింది.

"పాపం, లచ్చల మిసను. దుమ్ము పడితే చెడిపోదూ?" అంది పక్కనున్న ఆమెతో. పక్కనున్నామె నడుముకూ నాలాంటిదే ఒకటి ఉంది. ఆమె కూడా తన పేలిక విప్పింది.

నేను ఎంత గింజుకున్నా గాలి వచ్చింది గానీ దుమ్ము రాలేదు. నాకు రావలసిందంతా ఆ ఎనిమిది గంటలూ కాశమ్మే పీల్చింది. కొలత సాగిన మూడు రోజులూ అంతే. సాయంత్రం కాగానే పేలిక విప్పి, నన్ను కొంగుతో తుడిచి అప్పగించేది. వినీల బిళ్లలోని కాగితం చూసి "ఎంత తెల్లగా ఉందో!" అని మురిసింది. ఎందుకు తెల్లగా ఉందని అడగలేదు. చదువుకున్న దద్దమ్మ!

దుమ్ము హద్దులోనే ఉందని ఆచార్యులవారు నలభై పేజీలు రాశారు. ఆ మాట మీదే విచారణ పెట్టారు. బల్ల చుట్టూ అధికారి, ఆచార్యులు, వినీల, కార్ఖానా యజమాని, రాసుకునే గుమాస్తా. బల్ల మీద నేను. గోడవారగా కాశమ్మ. కొలత అయిన ఈ నాలుగు నెలల్లో ఆమె చిక్కి సగమైంది.

"యంత్రం సరిగ్గానే పనిచేసిందా?" అని అధికారి అడిగాడు.

"సరిగ్గానే చేసింది సార్" అంది వినీల.

కాశమ్మ ముఖం విప్పారింది. "చెయ్యదా మరి? నా మూతిగుడ్డ కట్టి కాపాడినా సారూ. ఒక్క రవ్వ పడనీలే. మేమందరమూ అట్నే కట్టినాం."

వినీల ముఖం పాలిపోయింది. ఆచార్యులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరికీ అర్థమైంది, అందులో సందేహం లేదు. గుమాస్తా కలం ఎత్తి అధికారి వైపు చూశాడు.

"అది నివేదికలో లేదు కదా" అన్నాడు అధికారి. గుమాస్తా కలం దించేశాడు. ఆచార్యులవారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. నివేదిక అప్పటికే అచ్చయింది, ఆయనకు శాలువా కూడా కప్పారు.

కాశమ్మ దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత అడిగింది.

"మిసను బాగుంది గదా సారూ. మరి మాకు నీళ్ల గొట్టం ఎప్పుడు పెడతారు?"

జవాబు చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న ఐదుగురూ టీ తాగడానికి లేచారు.