పచ్చలహారం దొంగ ఎవరు?

మోకాలి ఆపరేషన్ అయ్యాక మగ్దలీనమ్మ పంజాగుట్టలో ఫిజియోథెరపీకి పోతోంది. మధురానగర్ నుంచి ఆటోలో భర్త సత్యరాజు తోడొస్తాడు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, ఆమె నర్సుగా.

ఆ పొద్దున పక్క కుర్చీలో ఒక పెద్దాయన, పైకి లేవని కుడిభుజాన్ని పట్టుకుని కూర్చున్నాడు. నలగని తెల్లచొక్కా, మెడలో పట్టు స్కార్ఫ్. నల్లకళ్లద్దాలను ఆయన రెండు వేళ్లతో తీసిన తీరు చూసి మగ్దలీనమ్మ ఉలిక్కిపడింది.

"ఏమయ్యా, గాయన డిటెక్టివ్ మార్తాండ్ కాదూ?"

"నేనేనమ్మా" అని ఆయన నవ్వాడు. "అసలు పేరు రాఘవేందర్."

పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ అమీర్‌పేటలో ఒక్క గదిలో అద్దెకుండేవాళ్లు. ఇంటి ఓనరు టీవీ ముందు వారంవారం ఆ సీరియల్ చూసేవాళ్లు. తెల్ల సూటేసుకుని మార్తాండ్ కారు దిగితే చాలు, జనం ఈలలు. ఆఖరి కేసు బంజారాహిల్స్ బంగ్లాలో పోయిన పచ్చలహారం. ఇంటి యజమాని, ఆయన ముసలి తల్లి, ఆమె డాక్టరు, కారు డ్రైవరు అందరూ హాల్లో చేరారు. "దొంగ ఈ హాల్లోనే ఉన్నాడు" అని మార్తాండ్ అనగానే ఆ వారం భాగం అయిపోయింది. మరుసటి వారం సరిగ్గా అదే సమయానికి కరెంటు పోయింది. ఆ తర్వాతి వారం నుంచి వేరే సీరియల్ మొదలైంది.

అప్పట్నుంచీ ఇంట్లో దొంగెవరని ఇదే గొడవ. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట కూడా చివరికి పచ్చలహారం దగ్గరికే చేరేది.

"సార్, పచ్చలహారం ఆఖరి భాగం టైముకు మాకు కరెంటు పోయింది. జర చెప్పండ్రి" అన్నాడు సత్యరాజు. "దొంగ డాక్టరే కదా?"

"డాక్టరెందుకు తీస్తడు? డ్రైవరే!" అంది మగ్దలీనమ్మ.

రాఘవేందర్ మొహమాటంగా తల గోక్కున్నాడు. "ఆ వారం మీకు కరెంటున్నా ఏం కనపడకపోతుండె. పైసలు పెట్టే సబ్బుల కంపెనీ తప్పుకుంది. ఆఖరి భాగం మేం తియ్యనే లేదు."

"మరి దొంగెవరు?"

"నాకు సుత తెల్వదు. ముందే చెప్తే మొహంల కనపడుతదని డైరెక్టర్ దాచిపెట్టిండు. ఆయన పోయి మస్తు ఏండ్లయింది."

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇన్నేండ్లు ఉత్తగనే కొట్లాడినమా?" అంది మగ్దలీనమ్మ నీరసంగా.

పక్కనే వింటున్న ఫిజియోథెరపిస్టు సుష్మిత ఊరుకోలేదు. "అంకుల్, గా ఆఖరి సీన్ ఇప్పుడు చెయ్యండి. మేమందరం ఉన్నం కదా!"

రాఘవేందర్ మొగుడూ పెళ్లాల వైపు తిరిగాడు. "ఇంతకీ మీకు వాళ్ల మీదనే ఎందుకు అనుమానం?"

"డాక్టరు బ్యాగు ఎవరూ చూడలే" అన్నాడు సత్యరాజు. "డ్రైవరు పాపం, హారం పోయినప్పుడు కారు తుడుసుకుంట బయటనే ఉన్నడు."

"డాక్టరు ముసలమ్మ చెయ్యి ఇడిస్తే కదా! నాడి పట్టుకునే కూసున్నడు" అంది మగ్దలీనమ్మ.

రాఘవేందర్ లేచి స్కార్ఫ్ సరిచేసుకున్నాడు. గొంతు మారింది, యాస మారింది. చికిత్సకొచ్చిన వాళ్లంతా ఇటు తిరిగారు.

"డ్రైవరు కారు వదల్లేదు. సాక్షి సత్యరాజు గారు. డాక్టరు నాడి వదల్లేదు. సాక్షి మగ్దలీనమ్మ గారు. ఇద్దరూ నిర్దోషులే! మరి హారం పోయిందని అందరికంటే ముందు అరిచిందెవరు? ఇంటి యజమాని. బీమా డబ్బు కోసం తన హారం తానే దాచిన దొంగ... అడుగో!"

కుడిచెయ్యి విసురుగా గోడవైపు చాచాడు.

"అంకుల్, చెయ్యి లేచింది!" అని సుష్మిత కేక పెట్టింది.

అందరూ చప్పట్లు కొట్టారు. రాఘవేందర్ తన చేతిని తనే వింతగా చూసుకుంటూ కూర్చున్నాడు. కళ్లు తడిశాయి. "గీ సీన్ చెయ్యలేకపోయిననని లోపల ఒకటే బాధుండె" అన్నాడు. "ఇయ్యాల తీరింది."

తిరుగు ఆటోలో మగ్దలీనమ్మ కాలు చాపుకుని కూర్చుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.

"మంచిగనే చెప్పిండు. కానీ మనిద్దరికీ మొహమాటపడ్డడు" అంది.

"మొహమాటమేంది? బంగ్లా ఓనరు మీద నాకు మొదట్నుంచే అనుమానం."

"ఎన్నడన్నవయ్యా? అబద్ధాలాడకు!"

సత్యరాజు నవ్వి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆదివారం చర్చి అయినంక ఆయన్ని భోజనానికి రమ్మన్న. వస్తనన్నడు."

"నాకొక మాట చెప్పొద్దా? ఈ కాలుతోని ఏం వండాలె?"

"నువ్వు కూసో. మటన్ నేను వండుత."

"నువ్వా? అయితే దోసకాయ పప్పు నేను చేస్త. ఆయనకు తినేదానికి ఏదన్న ఉండాలె కదా" అంది మగ్దలీనమ్మ.