కుర్చీల బస్సు

డ్రైవరమ్మ రిటైరై ఇంటికొచ్చిన మొదటి వారంలోనే చెల్లెలి సంసారానికి ముచ్చెమటలు పట్టాయి. వయసులో సగానికి పైగా సిటీ బస్సు నడిపిన మనిషిని ఉన్నట్టుండి సోఫాలో కూర్చోమంటే కూర్చోగలదా? కూర్చుంది గానీ, కుడికాలు మాట వినలేదు. టీవీలో ఎవరైనా రోడ్డు దాటితే చాలు, టీపాయ్ కింద బ్రేకు తొక్కేసేది. వంటింట్లోకి అడుగు పెట్టే ముందు గుమ్మంలో ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని గానీ కదిలేది కాదు. మరిది స్నానాల గదిలో ఉంటే తలుపు కొట్టి, వెనకాల జనం ఆగిపోయారు, త్వరగా కానివ్వమనేది. వెనకాల ఉన్నది తనొక్కతే.

మరిది గడియారాలు బాగుచేసే మనిషి. పాపం నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో ఉండలేక, పెందలాడే షాపు తెరవడం మొదలుపెట్టాడు. చెల్లెలు అలా కాదు. ఆవిడకి నాలుక ఉంది, దానికి తీరిక కూడా ఉంది. ఒకరోజు గరిటె పక్కన పెట్టి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"అక్కా, నువ్వంటే నాకు ప్రాణం. కానీ నువ్విలాగే ఇంట్లో తిరిగితే ఆ ప్రాణమే పోయేలా ఉంది. నీకొచ్చిన పని ఎవరికైనా నేర్పు."

డ్రైవరమ్మ మనసు చివుక్కుమంది. కానీ చెల్లెలు అన్నదాంట్లో అబద్ధం లేదు. రోజూ చీకటితోనే మెలకువ వచ్చేది. వచ్చి ఏం లాభం? ఇదివరకు ఆ వేళకి స్టాపుల్లో జనం మెడలు సాచి ఆవిడ బస్సు కోసమే చూసేవారు. ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా ఎవరూ తనకోసం ఎదురు చూడడం లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చేది. రెండు మూడుసార్లు కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది కూడా.

వాళ్ళుండే బిల్డింగులో కింద ఒక హాలు ఉంది. పేరుకి మీటింగు హాలు గానీ, అందులో మీటింగు జరగడం ఎవరూ చూడలేదు. విరిగినవీ విరగనివీ కలిపి బోలెడు కుర్చీలు మాత్రం ఉన్నాయి. డ్రైవరమ్మ తాళంచెవి అడిగి తీసుకుని, దుమ్ము దులిపి, తలుపు మీద అట్టముక్క తగిలించింది. ఇచ్చట డ్రైవింగు నేర్పబడును.

మొదట వచ్చింది వీధి చివర టైలరు. కుట్టిన బట్టలు ఇళ్ళకి చేర్చడానికి బండి నేర్చుకోవాలని ఆవిడకి ఎప్పటినుంచో ఉంది. వెనకే సెలూనాయన వచ్చాడు, ఆయన వెనక ఫొటో స్టూడియో ఆయన. ముగ్గురూ హాలంతా కలియజూసి, కారెక్కడని అడిగారు. కారు సంగతి తర్వాత, ముందు కుర్చీలో కూర్చోవడం రావాలి అంది డ్రైవరమ్మ.

అలా మొదలైంది కుర్చీల బస్సు. ముందు ఒక కుర్చీ, దాని వెనక వరుసలుగా మిగతావి. స్టీరింగుకి చెల్లెలి వంటింట్లోంచి పెద్ద గిన్నె మూత వచ్చింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో గిన్నెల మీద పళ్ళేలే మూతలయ్యాయి. మూడు పాత చెప్పులు క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు. ఇసుక పోసిన బకెట్లో గుచ్చిన గొడుగు గేరు. నడిపేది ఒకరైతే, మిగతావాళ్ళు ప్యాసింజర్లు. బండి మలుపు తిరిగితే అందరూ ఒక పక్కకి ఒరగాలి, బ్రేకు పడితే ముందుకు తూలాలి. ఆఖరి వరుసలో ఒకరు నిండు టీ గ్లాసు పట్టుకుని కూర్చోవాలి. ఆ గ్లాసులోంచి చుక్క తొణికితే ఆ రోజుకి డ్రైవరు ఫెయిలు. అది డ్రైవరమ్మ పద్ధతి. బస్సు నడిపినన్నాళ్ళూ ఆవిడ గొప్పంతా అదే, వెనక నిలబడ్డ ముసలాళ్ళు ఎవరూ పడేవారు కాదు.

నెల తిరిగేసరికి నేర్చుకునేవాళ్ళ కంటే ప్యాసింజర్లు ఎక్కువయ్యారు. ఇంట్లో తోచని పెద్దవాళ్ళంతా సాయంత్రం కాగానే వచ్చి ఎక్కేసేవారు. కొందరు చేతిసంచి తెచ్చుకునేవారు. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు ముసలాయనలు మాటా మాటా అనుకుని మొహాలు చూసుకోవడం మానేశారు. ఆ కిటికీలోంచి కనబడేది పక్క బిల్డింగు గోడ. డ్రైవరమ్మ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కరి తప్పు ఎత్తి చూపుతూ తిరుగుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. ఇంటికి వెళ్ళి ఆదమరచి నిద్రపోయేది. మరిది మళ్ళీ నింపాదిగా స్నానం చెయ్యగలుగుతున్నాడు.

అసలు సంగతి ఒకటుంది. డ్రైవరమ్మ జన్మలో కారు నడపలేదు. కుర్రతనంలో డిపోలో చేరింది, తిన్నగా బస్సెక్కింది, బస్సులోంచే రిటైరైంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. స్టీరింగు స్టీరింగే, బ్రేకు బ్రేకే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సెలూనాయన బావమరిదికి ఒక కారుంది. ఆదివారాలు అతను ముగ్గుర్నీ ఊరి బయట మైదానానికి తీసుకెళ్ళి అందులో నడిపించేవాడు. డ్రైవరమ్మని రమ్మంటే మోకాళ్ళ నొప్పులనేది. శనివారం దాకా మెట్లు దడదడా దిగిన మోకాళ్ళు ఆదివారం మాత్రమే ఎందుకు నొప్పెడతాయో ఎవరూ అడగలేదు.

బిల్డింగు ప్రెసిడెంటుగారికి మాత్రం ఈ బస్సు కంట్లో నలుసైంది. ఆయనకి ఆ హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల వేయించాలని ఉంది. పైగా ఆయన ఫ్లాటు హాలుకి సరిగ్గా పైన. సాయంత్రం కునుకు తీద్దామంటే, కింద స్టూడియో ఆయన నోటితో హారన్ కొడుతున్నాడు. ఒకరోజు ఒంటికాలి మీద లేచి కిందికొచ్చాడు.

"చూడండమ్మా, లైసెన్సు పరీక్షలో ఒక్కరైనా పాసైతే హాలు మీదే, నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను. ఒక్కరూ పాసవకపోతే మర్నాడే నా బల్ల దిగుతుంది."

డ్రైవరమ్మ సరేనంది. పైకి ధీమాగా అంది గానీ, గుండెల్లో రాయి పడింది. హాలు పోతే మళ్ళీ ఇంట్లో ఆ కిటికీయే దిక్కు.

పరీక్ష రోజు అందరూ కలిసి లైసెన్సు ఆఫీసుకి వెళ్ళారు. చెల్లెలు కూడా వచ్చింది, ఆ మూత మీద తనకీ హక్కుంది కదా. పరీక్ష పెట్టే ఆఫీసరు ఆముదం తాగిన మొహంతో వచ్చి బావమరిది కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. టైలరు స్టీరింగు పట్టుకుంది. బండి వెన్నలా కదిలి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. డ్రైవరమ్మ బెంచీ మీద కూర్చుని, కుడికాలితో నేలను తొక్కుతూ ఉండిపోయింది.

కాసేపటికి కారు తిరిగొచ్చింది. ఎక్కడా కుదుపు లేదు, గీత మీద పెట్టినట్టు వచ్చి ఆగింది. వెనక సీట్లో ముగ్గురు కొత్తవాళ్ళు ఒద్దికగా కూర్చుని ఉన్నారు. ఒకాయన ఒళ్ళో కూరగాయల సంచి. డ్రైవరమ్మ ఛాతీ ఉప్పొంగింది. బండి నిండుగా వచ్చింది, ఒక్కరూ తూలలేదు. అందులో తప్పేముందో ఆవిడకి తట్టనే లేదు. తట్టింది చెల్లెలికి. ఆవిడ నెమ్మదిగా నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

టైలరు దారిలో ఉన్న ప్రతి బస్టాపులోనూ కారు ఆపిందట. ఆపి, అద్దంలో చూసి, ఎక్కేవాళ్ళు ఎక్కి సర్దుకున్నాక, పట్టుకోండి, బండి కదులుతోంది అని చెప్పి మరీ బయలుదేరిందట.

సెలూనాయన ఎవర్నీ ఎక్కించుకోలేదు. కానీ మలుపు వచ్చేసరికి ఎదురుగా ఉన్న కొట్టు మెట్ల దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెడల్పుగా తిప్పాడు. ఇదేం తిప్పడమయ్యా అని ఆఫీసరు అడిగితే, లేకపోతే తోక గోడకి తగులుతుందండీ అన్నాడట. లేని తోకని మెడ తిప్పి చూస్తూ ఊరంతా తిరిగాడు.

ఇక స్టూడియో ఆయన ఎంతసేపటికీ రాలేదు. చివరికి ఆఫీసరు ఒక్కడే చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చాడు. స్టూడియో ఆయన అన్నీ చక్కగా చేసి, సగం దారిలో ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చాడట. మనం టైముకంటే ముందొచ్చేశాం సార్, ఇప్పుడే వెళితే రూటు పాడవుతుంది అన్నాడట.

ఆఫీసరు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, వీళ్ళకి నేర్పిన మహానుభావులెవరని అడిగాడు. డ్రైవరమ్మ లేచి నిలబడింది. ఆయన ఆవిడని కాసేపు చూసి, గొంతు తగ్గించాడు.

"నడపడంలో వంక పెట్టడానికి లేదమ్మా. మొదటావిడ బండిలో నాకు కునుకు పట్టేసింది, ఈ ఉద్యోగంలో అలా ఎప్పుడూ జరగలేదు. లేచేసరికి వెనక నుంచి ఎవరో నా భుజం తట్టి టిక్కెట్టు ఇమ్మంటున్నారు. నేనెలా పాస్ చెయ్యను, మీరే చెప్పండి."

డ్రైవరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకెళ్ళి ప్రెసిడెంటుగారి చేతిలో పెట్టింది. ఆయన గెలిచిన సంతోషంలో ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి తలుపు వేసేసుకున్నాడు. మర్నాడు హాల్లో బల్ల దిగింది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడకి చేరాయి. డ్రైవరమ్మ కిటికీకి చేరింది.

చెల్లెలు ఏం చెప్పినా వినలేదు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది. మరిది తలుపు అవతల అరగంట స్నానం చేసినా ఒక్క మాట అనలేదు. దాంతో ఆయనకి భయమేసింది. షాపు మూసేసి, తిన్నగా సెలూనుకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి నోరు విప్పాడు. వదినగారు బ్రేకు తొక్కడం కూడా మానేశారు, ఏదో ఒకటి చెయ్యండి అన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురూ కట్టగట్టుకుని వచ్చారు. సెలూనాయన గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. హాలు పోతే పోయింది, మా సెలూను ఉంది, తిరిగే కుర్చీలున్నాయి, ముందూ వెనకా అద్దాలున్నాయి, జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి కూర్చున్నవాళ్ళే ప్యాసింజర్లు, రేపే మొదలుపెడదామన్నాడు. డ్రైవరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"నేను కారు ఎప్పుడూ నడపలేదు. మీ ముగ్గుర్నీ ఫెయిలు చేసింది ఆ ఆఫీసరు కాదు, నేను. నాకు రానిది మీకు నేర్పాను."

స్టూడియో ఆయన, ఓహో, మోకాళ్ళ నొప్పులు అందుకేనన్నమాట అని గొణిగాడు. టైలరు ఆయన్ని మోచేత్తో పొడిచి, డ్రైవరమ్మ చెయ్యి పట్టుకుంది.

"రాకపోతే నేర్చుకుందువుగాని. మా దగ్గర నేర్చుకోవడానికి నీకు నామోషీ అయితే చెప్పు, లేకపోతే లే అక్కా."

నామోషీయే. ఎందుకు కాదు? మెడలు వంచి నేర్పిన వాళ్ళ ముందు ఓనమాలు దిద్దాలంటే ఎవరికి ఉండదు? కానీ టైలరు చెయ్యి వదలలేదు. చెల్లెలు అప్పటికే చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. డ్రైవరమ్మకి లేవక తప్పలేదు, మరిదికి వెంట రాక తప్పలేదు.

మైదానంలో సెలూనాయన బావమరిది తెచ్చిన కారు ఎండకి మెరుస్తోంది. డ్రైవరమ్మ తలుపు తీసి లోపల కూర్చుంది. కూర్చున్నాక ఇంకా కిందికి దిగింది, ఇంకా దిగింది. ఇదేమిటి, నేల మీద కూర్చున్నట్టుంది అంది. గేరు కోసం చెయ్యి చాపితే పక్క సీటు దాటి అవతలి తలుపుకి తగిలింది. టైలరు కిటికీలోంచి తల పెట్టి, ఏది ఎక్కడుందో ఓపిగ్గా చూపించింది. తర్వాత, అందరూ చుట్టూ మూగితే గురువుగారు కంగారు పడతారని సెలూనాయన అందర్నీ దూరంగా తీసుకెళ్ళి నిలబెట్టాడు.

ఇంజను మోగింది. కారు కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు. చివరికి చెల్లెలు దగ్గరికెళ్ళి చూస్తే, డ్రైవరమ్మ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు అద్దంలో ఉన్నాయి. అద్దంలో ఖాళీ సీటు ఉంది.

"ఏమైందక్కా?"

"వెనక ఎవరూ లేకుండా నేనెప్పుడూ బండి నడపలేదే. నాకు భయమేస్తోంది."

చెల్లెలు వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. చెయ్యూపితే టైలరు పరిగెత్తుకొచ్చింది, ఆవిడ వెనక సెలూనాయన, ఆయన మీద సగం స్టూడియో ఆయన. ముందు సీట్లో బావమరిది, అతని ఒళ్ళో ఇష్టం లేకుండానే గడియారాల మరిది. తలుపులు మూతపడడానికి మూడుసార్లు తంటాలు పడాల్సి వచ్చింది. ఎవరి మోచెయ్యి ఎవరి డొక్కలో ఉందో తెలియదు.

డ్రైవరమ్మ మళ్ళీ అద్దంలోకి చూసింది. అద్దం నిండా మొహాలే, అన్నీ తననే చూస్తున్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, క్లచ్చు వదిలింది. బండి ఇంత కూడా కుదపకుండా కదిలింది. రేపు సెలూనుకి ఎన్నింటికి రమ్మంటావని టైలరు ఎవరి భుజం కిందనుంచో అడిగింది. పొద్దున్నే రండి, నేను ముందే వచ్చి కూర్చుంటాను అంది డ్రైవరమ్మ.

చీకటి పడేదాకా మైదానం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. అందరికీ కాళ్ళు తిమ్మిరెక్కాయి, మరిదికి ఊపిరి కూడా సరిగా ఆడలేదు. అయినా దిగుతానని ఒక్కరూ అనలేదు.