రెండో గుటక

పోతురాజు తాగుడు మానేసి ఎనిమిదేళ్లయింది. అనంతగిరి కొండ మీద ఆ మీటింగు పెట్టీ ఇంచుమించు అన్నేళ్లే. మానాలనుకునేవాళ్లు వారానికోసారి చేరి, ఒకరి గోడు ఒకరు వింటారు. ఏడాదికొకరు బాధ్యత తీసుకోవాలని నియమం. నియమానికేం, కాగితం మీద చక్కగానే ఉంటుంది. "పెద్ద ఉండగా ఇంకొకడు ముందు కూకుంటాడేటి?" అని ఊరి పెద్దరికంలాగే దీన్నీ అతని నెత్తినే ఉంచేశారు. గది ఊడ్చేదీ, టీ కాచేదీ, రానివాళ్ల కోసం కొండలెక్కి దిగేదీ అతనే. పెద్ద ఆఖర్న మాట్లాడాలన్నది అక్కడి ఆచారం కనక, అందరి గోడూ విన్నాక నాలుగు ధైర్యం మాటలు చెప్పి తలుపేసేవాడు. అతని గోడు అడిగిన పుణ్యాత్ముడు లేడు. అతను మాత్రం చెప్పాడా? పెద్దరికం బరువే గాని తీపి కూడా, ఒప్పుకోవాలి.

నిన్న పొద్దున భీమన్న కోసం వెళ్లాడు. నెల కిందట మీటింగులో పోతురాజు కసిరాడని అలిగి, భీమన్న మళ్లీ తాగుడు మొదలుపెట్టాడు. జీలుగు చెట్టు కింద, అప్పుడే దించిన కల్లుకుండ ముందు కూర్చునున్నాడు.

"తగువు తీరాలంటే ఇద్దరం ఒకే బుర్రలో తాగాల. మన కట్టు మర్సిపోనావేటి?" అంటూ ఆనపకాయ బుర్ర నింపి చాపాడు.

కట్టుబాటు నిజమే. పోతురాజుకి మోకాళ్లు సలుపుతున్నాయి. ఇంకో గంట బతిమాలే ఓపిక లేదు. ఒక గుటక మింగాడు. భీమన్న కళ్లు తుడుచుకుని, "రేపొత్తాను" అన్నాడు. వెళ్లిన పని అయిపోయింది. బుర్ర తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వలేదు.

ఇవాళ పదకొండు మంది వచ్చారు. భీమన్న కూడా మాట నిలబెట్టుకుని, తాగకుండా వచ్చి గోడవారన కూర్చున్నాడు. నిన్నటి సంగతి అతనొక్కడికే తెలుసు. అతను చచ్చినా చెప్పడు. చెబితే ఏమవుతుందో పోతురాజుకి తెలుసు. ఆయనే మానగలిగినప్పుడు మనమెందుకు మానలేం అనుకునే కదా వీళ్లంతా వస్తున్నది. చెప్పకపోతే మీటింగూ నిలుస్తుంది, పెద్దరికమూ నిలుస్తుంది. పోయేది తనొక్కడే.

వచ్చినవాళ్లలో సుక్రు ఎప్పటిలాగే ముందుగా మాట్లాడబోతుంటే పోతురాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఇయ్యాల ముందు నేను సెప్తాను. నేను పోతురాజుని. తాగుబోతుని. నిన్న తాగీసినాను."

భీమన్న గాభరాగా లేచాడు. "తప్పు నాది! రాజీ కోసం తాగినాడు. నా కోసమే!"

"కూకో భీమన్నా. మొదటి గుటక నీ కోసం. రెండోది నా కోసం," అన్నాడు పోతురాజు. "అలిసిపోనాను. మీ అందర్నీ మోసి మోసి అలిసిపోనాను. సెప్పుకోడానికి సిగ్గేసీసింది." ముసలాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దవాడే తప్పొప్పుకుంటే ఏమనాలో ఆ ఊళ్లలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. చివరికి కనక లేచింది. కాఫీతోటలో కూలికెళ్లే మనిషి, మానేసి ఇంకా నలభై రోజులైనా నిండలేదు. వచ్చి అతని పక్కన చాప మీద కూర్చుంది.

"నా నెంబరు నీ ఫోన్లో ఉంది కదా పెద్దయ్యా? రేపు లేవగానే సెయ్యి. తాగినాక కాదు, తాగకముందు."

కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ పోతురాజు చెప్పే మాటే అది. ఇన్నేళ్లలో వందమందికి చెప్పుంటాడు. తిరిగి అతనికి చెప్పాలని ఇంతవరకూ ఒక్కరికీ తోచలేదు.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నింటికి లేత్తావమ్మా?"

"నీకు తాగాలనిపించిన ఏలకి లేసే ఉంటాను," అంది కనక.