దారం నోట్లో ఉన్నంతసేపు

దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్ళకీ మెలివేసి పట్టుకున్నాక ఇక మాట్లాడటం కుదరదు. మాట్లాడితే దారం సడలుతుంది. సడలితే తీయకూడని వెంట్రుకలు ఊడొస్తాయి, ఒక్కోసారి చర్మం తెగుతుంది. అందుకే ఈ పని నేర్పేటప్పుడు మా పిన్ని రెండే మాటలు చెప్పింది. "దారం నోట్లో ఉన్నంతసేపు నోరెత్తకు. మొదలుపెట్టిన కనుబొమ్మని మధ్యలో వదలకు." పిన్ని వాళ్ళ ముందుగదిలో చిన్న పార్లర్ నడిపేది. మొదట నా కాలి పిక్కల మీదే నా చేత దారం ఆడించింది. ఏడుస్తూ నేర్చుకున్నాను. ఇన్నేళ్ళకి నా ముందుపన్ను అంచున చిన్న గాడి పడింది. దారం నోట్లో పెట్టుకోగానే వెళ్ళి అందులో కూర్చుంటుంది.

మా ఆయన నాతో ముఖ్యమైన విషయాలన్నీ సరిగ్గా అప్పుడే మాట్లాడతాడు. "వచ్చే నెల అమ్మని ఇక్కడికి రమ్మన్నాను, సరేనా?" "పాపని సంగీతం క్లాసు మాన్పించేద్దాం, ఏమంటావ్?" కుర్చీలో ఒకావిడ కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఉంటుంది. ఆవిడ రెప్ప పైన నా చేతులుంటాయి. నోరు తెరవకుండా నేను చేయగలిగే శబ్దం ఒక్కటే, "ఊ". నా దృష్టిలో దాని అర్థం విన్నానని. ఆయన దృష్టిలో ఒప్పుకున్నానని. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. మిగతా సగాన్ని నా "ఊ" పూర్తి చేసేది. సాయంత్రం నేను అదేమిటంటే, "నీకు చెప్పే కదా చేశాను" అని ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం నిజమైనదే. అదే నా ఒళ్ళు మండిస్తుంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో మాకిద్దరికీ పాప, పాపకి మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతే నేను కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి కిటికీలు చూసేదాన్ని. ఒకరోజు మెట్ల మీద పైవాటా ఆవిడ నన్ను ఆపి, నా కనుబొమ్మలు చూపించి, ఎవరు చేశారని సైగలతో అడిగింది. నన్ను నేనే చూపించుకున్నాను. మర్నాడు ఆవిడ మా బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని ఉంది. మా వాటాలో మంచి వెలుతురున్న చోటు అదొక్కటే. ఆవిడ చెల్లెలు, చెల్లెలి స్నేహితురాలు, అలా ఒకరి వెనక ఒకరు వచ్చారు.

"దారం ముక్కతో సంసారాలు నడుస్తాయా? సరదాగా చేసుకో" అన్నాడు మా ఆయన. అత్తయ్య ఫోన్లో, "మనింట్లో ఆడవాళ్ళెవరూ ఒకళ్ళ మీసాలు పీకి బతకలేదమ్మా" అంది. బతకడం గురించి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు, పొద్దున లేచింది మొదలు పదిమందికి వండి వార్చి ఒక్క రూపాయి కళ్ళచూడని మనిషి. కాని ఆ మాట ఆవిడతో అనగలిగే ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు వస్తున్నారంటే ఆయన తనంతట తనే పాపని ఎత్తుకుని పార్కుకి వెళ్ళిపోయేవాడు. "మీ మీసాల మీటింగ్ అయ్యాక ఫోన్ చెయ్యి" అని నవ్వేవాడు. అంటే ఆడవాళ్ళకి ఆ కాస్త చాటు కావాలని ఆయనకి తెలుసు. తెలియక కాదు.

తర్వాత లైసెన్సు పరీక్ష రాశాను. ఇక్కడ పరాయివాళ్ళ కనుబొమ్మ మీద చెయ్యి వెయ్యాలన్నా పరీక్ష రాయాలి. పొయ్యి మీద గిన్నె, గట్టు మీద పుస్తకం. ఒకసారి తప్పాను. "వదిలెయ్యరాదూ" అన్నాడాయన. రెండోసారి పాసయ్యాను. ఒక పాత మార్కెట్ బిల్డింగులో, తాళాలు చేసే అతని కొట్టుకీ లాండ్రీకీ మధ్య, పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు షాపు దొరికింది. మూతపడ్డ సెలూన్ నుంచి పాత కుర్చీ కొన్నాం. తాళాలతనూ మా ఆయనా కలిసి దాన్ని భుజాల మీద మోసుకొచ్చారు. గోడలకి సున్నం వేసింది, అద్దం బిగించింది ఆయనే. నేను అబద్ధం చెప్పను. ఆ మొదటి చలికాలం ఒక్క మనిషి తలుపు తీస్తే ఒట్టు. చెయ్యి మర్చిపోకుండా మళ్ళీ నా పిక్కల మీదే దారం ఆడించుకుంటూ కూర్చున్నాను. చలి తగ్గాక ఒక టీచరమ్మ వచ్చింది. వెళ్ళేటప్పుడు అద్దంలో తనని తాను అటూ ఇటూ చూసుకుంది. తర్వాతి వారం స్టాఫ్‌రూమంతటినీ వెంటబెట్టుకొచ్చింది. ఇక కుర్చీ ఖాళీ ఉండేది కాదు. వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పుకునేవాళ్ళు, మొగుళ్ళ గురించి, హెడ్మాస్టర్ల గురించి, గడ్డం మీద కొత్తగా మొలిచే ఒకే ఒక్క మొండి వెంట్రుక గురించి. నేను నోట్లో దారంతో వినేదాన్ని. జవాబు చెప్పని మనిషి దగ్గర అందరూ నిజాలే చెబుతారు.

అప్పుడు మా ఆయన ఆఫీసులో ఆయన విభాగాన్నే ఎత్తేశారు. వారం పైనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కలిపి పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. నాకు భయం వేసింది. "ఇలా ఎంతకాలం? కాసేపు షాపుకి రండి, మనసు మళ్ళుతుంది" అని నేనే అన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పుడు తట్టలేదు. మొదటిరోజు తలుపు పక్కన స్టూల్ మీద కూర్చున్నాడు. తర్వాత ఒక చిన్న బల్ల వచ్చింది. బల్ల మీద గంట వచ్చింది. వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి, నాకంటే తనకి బాగా వచ్చిన ఇక్కడి భాషలో, "రండి రండి, కనుబొమ్మలా, పైపెదవా, గడ్డమా?" అని గట్టిగా అడిగేవాడు. లాండ్రీలో బట్టలు తీసుకునేవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "మా ఆవిడకి ఈ షాపు నేనే పెట్టించాను" అని తాళాలతనితో చెప్పడం విన్నాను. దారం నోట్లో ఉంది. ఊ కూడా అనలేదు.

"మగదిక్కు ఉంటేనే వ్యాపారానికి బరువు" అంది అత్తయ్య, మీసాల మాట పూర్తిగా మర్చిపోయి. షాపులో ఇద్దరం. ఇంటికొచ్చాక మాత్రం వంటకి నేనొక్కదాన్నే. ఆయన సోఫాలో వాలి, "రోజంతా కూర్చుంటే నడుం పట్టేస్తోంది" అనేవాడు. రోజంతా నిలబడిన నేను కూర తిరగేస్తూ వినేదాన్ని.

కుర్చీ మెల్లగా ఖాళీ అవుతూ వచ్చింది. మొదట స్టాఫ్‌రూం మానేసింది. వచ్చినవాళ్ళు కనుబొమ్మలు మాత్రం చేయించుకుని, గొంతు తగ్గించి, "మిగతాది ఇంకోసారి" అని వెళ్ళిపోయేవాళ్ళు. మాటలు లేవు, నవ్వులు లేవు. "నీ చేతికి మునుపటి వాటం లేదు" అన్నాడాయన. నేను నమ్మాను కూడా. పక్కవీధి ఆసుపత్రి నర్సమ్మకి కనుబొమ్మ చేస్తున్నప్పుడు ఆయన వెనక నుంచి, "కరెంటు బిల్లు ఎక్కడ పెట్టావ్? వినబడుతోందా? అలమరలోనా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఊ, ఊ" అంటూ తల ఊపాను. దారం సడలింది. కనుబొమ్మ చివర చిన్న గండి పడింది. నర్సమ్మ అద్దం చూసుకుంది. "ఏమీ అనుకోకండి, ఈమధ్య దీనికి సరిగ్గా నిద్ర ఉండటం లేదు" అని మా ఆయన నా తరఫున క్షమాపణ కూడా చెప్పేశాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. నేను మాత్రం ఇప్పటికీ రోడ్డు మీద ఎవరిని చూసినా ముందు కనుబొమ్మ చివరే చూస్తాను.

ఆ తర్వాత బస్టాపులో టీచరమ్మ కనిపించింది. పైపెదవి మీద సన్నగా నూగు పెరిగి ఉంది. నా చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి. నా చేతిలో లోపమేముందో చెప్పమని అడిగేశాను. ఆవిడ అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరగా వంగి అంది. "నాకు గడ్డం మీద వెంట్రుకలొస్తాయని మా ఆయనకే తెలియదు. ఇక మీ ఆయనకెందుకు తెలియాలి?"

బస్సు వచ్చి ఆవిడ వెళ్ళిపోయినా నేను అక్కడే నిలబడిపోయాను. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇంతకాలం రాత్రీ పగలూ నా వేళ్ళనే అనుమానించుకున్నానే!

ఆ రోజే గిన్నెలు తోముతూ చెప్పాను. "మీరు అక్కడుంటే ఆడవాళ్ళకి మొహమాటంగా ఉంటోందండీ."

"నేనేం తొంగి చూస్తున్నానా?"

"అది కాదండీ, వాళ్ళకి..."

"అర్థమైందిలే. ఉద్యోగం లేని మగాడు సొంత పెళ్ళానికే లోకువ." లేచి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తే నాకు మళ్ళీ పాత భయం. మర్నాడు నేనే బతిమాలి తీసుకెళ్ళాను. కుర్చీకి అడ్డంగా ఒక పరదా కట్టాను, అదే పరిష్కారమనుకుని. ఆ పూటే పరదా తొలగించి, తల లోపలికి పెట్టి, "చిల్లరుందా?" అన్నాడు.

షాపు అగ్రిమెంటు గడువు దగ్గర పడింది. ఇలాగే సాగితే అద్దె కట్టలేమని ఇద్దరికీ తెలుసు. ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. సగం షాపులో పార్సిళ్ళ కౌంటర్. కంపెనీ వాళ్ళతో మాట్లాడేశాడు కూడా. రోజంతా డబ్బాలు మోసుకుంటూ మగవాళ్ళు వస్తారు, పోతారు, వరసలో నిలబడతారు. ఆ వరస పక్కనే ఏ ఆడమనిషి గడ్డం పైకెత్తి పడుకుంటుంది? నాకు చెప్పలేదా అంటే చెప్పాడు. నోట్లో దారం ఉన్నప్పుడే.

బిల్డింగ్ ఓనరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. నవ్వు మొహం కాదు. వయసు మళ్ళిన మనిషి, అద్దె విషయంలో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. కుర్చీ వంక కాసేపు చూసి, "ఎలాగూ వచ్చాను కదా" అంటూ కూర్చుంది. తల వాల్చి, చెయ్యి గడ్డం దాకా తీసుకెళ్ళి, పక్కకి తొలగించి ఉన్న పరదా ఇవతల, బల్ల దగ్గర కూర్చున్న మా ఆయన్ని చూసి, చెయ్యి దించేసుకుంది. "కనుబొమ్మలు చాలు" అంది.

నేను దారం పళ్ళ మధ్య బిగించాను. ఆయన మొదలుపెట్టాడు. పార్సిళ్ళ సంగతి, సగం సగం సంగతి, అగ్రిమెంటు ఈసారి తన పేరు మీద రాస్తే కంపెనీకి సులువనే సంగతి, అన్నీ ఆ భాషలో గడగడా చెప్పాడు. ఓనరమ్మ కళ్ళు మూసుకునే, "మరి ఈ అమ్మాయి ఏమంటుంది?" అని అడిగింది.

"ఆమెదేముంది, ఇద్దరం అనుకున్నదే" అని, నావైపు తిరిగి తెలుగులో, "అంతేగా?" అన్నాడు.

ఊ కోసం చూశాడు. నేను అనలేదు. పని ఆపలేదు కూడా. మొదలుపెట్టిన కనుబొమ్మ, వంపు దగ్గర నుంచి చివరి దాకా, ఒక్కో వెంట్రుకా తీశాను. దారం ఒక్కసారి కూడా సడలలేదు. నా చేతి వాటం ఎక్కడికీ పోలేదని నాకు అప్పుడే పూర్తిగా నమ్మకం కుదిరింది. ఆయన "ఏమోయ్" అన్నాడు. కనుబొమ్మ పూర్తయింది. పౌడరు దులిపి, దారం నోట్లోంచి తీశాను.

నాకొచ్చిన ఆ కాస్త భాషలోనే ఓనరమ్మతో చెప్పాను. "షాపు నాది. అగ్రిమెంటు నా పేరు మీదే రాయండి. పార్సిళ్ళు ఉండవు. ఇక్కడికి ఆడవాళ్ళు మాత్రమే వస్తారు."

ఓనరమ్మ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మళ్ళీ మూసుకుని, మెల్లగా గడ్డం పైకెత్తింది.

మా ఆయన మొహం పాలిపోయింది. నాకు జాలేసింది. జాలేసినా మాట వెనక్కి తీసుకోలేదు. "ఏమండీ, మీరు ఇంటికెళ్ళండి" అన్నాను తెలుగులో, నెమ్మదిగా.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావ్?"

"మీరు రావక్కర్లేదు. నేనే వస్తాను. పాపని స్కూలు నుంచి తీసుకెళ్ళి, నేనొచ్చేసరికి వంట చేసి ఉంచండి."

"అంటే, నువ్వు నన్ను..." అని ఆయన ఏదో అనబోయాడు.

అప్పటికే దారం నా పళ్ళ మధ్య ఉంది.